మూడంకె రావాలి

మా అన్నయ్య లోకంలో అందరినీ ‘తమ్ముడూ’ అని పిలిచేవాడు, నన్ను తప్ప. పాలు పోసేవాడు తమ్ముడు. కరెంటు బిల్లు తెచ్చేవాడు తమ్ముడు. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన రిటైర్డు పోస్ట్‌మాన్ తమ్ముడు. దుకాణం మెట్ల మీద పడుకునే కుక్క తమ్ముడు. మొరాయించిన తాళాన్ని కూడా “ఏం తమ్ముడూ, ఎందుకంత పంతం?” అని పలకరించేవాడు. ఒకే తల్లి కడుపున తొమ్మిదేళ్ల తర్వాత పుట్టిన నన్ను మాత్రం ‘మూడంకె’ అనేవాడు. చిన్నప్పుడు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని మూడంకె వేసి పడుకునేవాణ్ణట. పదిమందిలో ‘ఒరేయ్’ అనేవాడు. మాలో మేమున్నప్పుడు మాత్రం, నలభై దాటినా ఆ పేరు నన్ను వదల్లేదు. ఆ పడకా వదల్లేదు.

పదేళ్లప్పుడు ఒకసారి అడిగాను. “నన్నెందుకు తమ్ముడూ అనవు?”

“ఉన్నదాన్ని ఉన్నట్టు పిలిస్తే ముచ్చటేముందిరా?” అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పిల్లలు నవ్వేసిన విషయాలు ఎక్కడికీ పోవు. మనసులో ఏదో మూల కూర్చుని మనతోపాటు పెరుగుతాయి.

మాది తాళాల దుకాణం. రెండు స్టూళ్లు, ఒక బల్ల, గోడనిండా మేకులకు వేలాడే కోయని తాళంచెవులు. రోజువారీ గడవడానికి తాళంచెవులు కోసేవాళ్లం. మా అసలు విద్య మాత్రం ఇనప్పెట్టెలు తెరవడం. నంబరు మరిచిపోయిన పెట్టెలు, నంబరు చెప్పకుండా పోయినవాళ్ల పెట్టెలు. డయల్ మీద వంద గీతలుంటాయి. మూడు అంకెలు వరసగా కుదిరితేనే తలుపు తెరుచుకుంటుంది. మొదటి రెండింటిని వేలికొసలతో, చెవితో పట్టుకోవాలి. లోపలి చక్రం ఎక్కడో ఒకచోట ఊపిరి తీసినంత మెల్లగా తడబడుతుంది, అది అందాలి. దానికి గంటలు పట్టచ్చు. దొరికిన అంకెను అన్నయ్య సుద్దముక్కతో పెట్టె పక్కన రాసేవాడు. ఆ రెండూ దొరికాక మూడోది పిల్లల ఆట. ఒక్కో గీతా జరుపుకుంటూ పోవడమే, మహా అయితే పావుగంట.

తెరిచేవాడు ఎప్పుడూ అన్నయ్యే. నేను సంచీ మోసేవాణ్ణి, సుద్దముక్క అందించేవాణ్ణి. నా వేళ్లు ఆయన వేళ్లకు తీసిపోవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మూడో మనిషికి తెలియదు.

ఆ నగల కొట్టు పని వచ్చినప్పుడు అదే గొడవైంది. యజమాని తండ్రికి మతిమరుపు వచ్చి నంబరు పోయింది. వెనక గదిలో పాతకాలపు పెట్టె, మూడు రోజులుగా బిగుసుకుపోయి ఉంది.

“రేపు తొమ్మిదింటికి వెళ్దాం. సంచీ సర్దురా మూడంకే,” అన్నాడు అన్నయ్య.

“సంచీ మోయడానికైతే కూలివాణ్ణి పెట్టుకో.”

“ఏమైందిరా?”

“ఇరవై ఏళ్లుగా నీ పక్కన నిలబడి సుద్దముక్క అందిస్తున్నా. ఒక్క పెట్టయినా నా చేత్తో తెరిచానని ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసా?”

పక్క కొట్లో దర్జీ మిషను ఆగింది. వాడి చెవులు మా గోడకు అతుక్కున్నాయని అర్థమైంది. అన్నయ్య చేతిలోని ఆకురాయిని గుడ్డతో తుడిచి బల్లమీద పెట్టాడు.

“సరేలే. రేపు చూద్దాం,” అన్నాడు.

“రేపు నేను రాను.”

మర్నాడు నిజంగానే వెళ్లలేదు. రైల్వే స్టేషన్లో రెండో ప్లాట్‌ఫారం మీద, చివరి బెంచీలో కూర్చున్నాను. ఎక్కడికీ వెళ్లే పని లేదు. వచ్చే రైళ్లనూ పోయే రైళ్లనూ చూశాను. నా మనసులో ఉన్నది ఒకే ఒక్క కోరిక: నేను లేని లోటు అన్నయ్యకు తెలియాలి. అంత చిన్న కోరిక అంత కచ్చితంగా నెరవేరడం నేను మళ్లీ చూడలేదు.

పదకొండున్నరకు ఇద్దరు మనుషులు నగల కొట్లోకి వచ్చారు. ఒకడి చేతిలో పిస్తోలు, ఇంకొకడి చేతిలో గుడ్డసంచి. యజమాని బ్యాంకుకు వెళ్లాడు. కొట్లో నగలు చూపించే ఆవిడ ఒక్కతే ఉంది. కేక విని వెనక గదిలోంచి అన్నయ్య బయటికి వచ్చాడు. అప్పటికి ఆవిడ బల్లకింద దూరింది. ఆమెకు కనిపించింది అన్నయ్య చెప్పులు మాత్రమే. వినిపించింది రెండు ముక్కలు.

“తమ్ముడూ, అలా కాదు. ఇలా ఇవ్వు.”

తర్వాత పిస్తోలు పేలింది. ఆస్పత్రికి చేరేలోపే అన్నయ్య పోయాడు.

ఆ రెండు ముక్కలు వినగానే ఏం జరిగిందో నాకు కళ్లకు కట్టినట్టు తెలిసిపోయింది. పనిముట్టు తప్పుగా పట్టుకున్నవాణ్ణి చూస్తే అన్నయ్య ఊరుకోలేడు. ఎవరింట్లోనైనా స్క్రూడ్రైవరు అడ్డదిడ్డంగా పట్టుకుని అవస్థ పడుతుంటే, పిలవకుండానే వెళ్లి ఇదే మాట అనేవాడు, ఇలాగే చెయ్యి చాపేవాడు. ఆ రోజూ వణుకుతున్న చేతిలో తప్పుగా పట్టుకున్న వస్తువొకటి కనిపించింది. అది పిస్తోలని తెలియక కాదు. వణుకు ముందు కనిపించి ఉంటుంది.

ఇన్‌స్పెక్టరుకు అలా వినిపించలేదు.

వారం తిరగకుండా ఆ ఇద్దరినీ నగలతో సహా పట్టుకున్నారు. వాళ్లు నోరు విప్పలేదు. పదిహేనో రోజున ఇన్‌స్పెక్టరు మా దుకాణానికి వచ్చి అన్నయ్య స్టూలు మీద కూర్చున్నాడు. లేవమనాలనిపించింది, అనలేకపోయాను.

“నీకు ఎంతమంది అన్నదమ్ములు?”

“అన్నయ్య ఒక్కడే అండీ.”

“అంటే మీ అన్నకు తమ్ముడివి నువ్వొక్కడివే. చావబోయే మనిషి ‘తమ్ముడూ, ఇలా ఇవ్వు’ అన్నాడు. కొట్టువాళ్లు కాక, పెట్టె పని ఉందని మీ ఇద్దరికే తెలుసు. నువ్వు వెళ్లాల్సినవాడివి వెళ్లలేదు. ముందురోజు పోట్లాడుకున్నారని దర్జీ చెప్పాడు. ఆ పూట ఎక్కడున్నావు?”

“రైల్వే స్టేషన్లో.”

“ఎవరొస్తున్నారు?”

“ఎవరూ రావట్లేదండీ.”

“ఎక్కడికెళ్తున్నావు?”

“ఎక్కడికీ వెళ్లట్లేదు.”

ఆయన నా జవాబులు రాసుకున్నాడు. రాసిన కాగితం చూస్తే నాకే నా మీద అనుమానం వచ్చేలా ఉంది. కొట్లో నేను లేనని పోలీసులకూ తెలుసు. ఆ ఇద్దరినీ పంపినవాణ్ణి నేనేననీ, వాళ్లను చూడగానే అన్నయ్యకు విషయం అర్థమై తమ్ముడూ అని నన్నే కేకేశాడనీ వాళ్ల వాదన. సాయంత్రానికి నేను మూడో ముద్దాయినయ్యాను.

జైల్లో మొదటి వారం నాకు ఏడుపు రాలేదు. వేరే పని దొరికింది. అన్నయ్య చివరి మాట చుట్టూ తిరగడం. నేలమీద మూడంకె వేసి పడుకుని, గోడ పెచ్చులు చూస్తూ, ఆ మాటను డయల్ తిప్పినట్టు అటూ ఇటూ తిప్పేవాణ్ణి. అందరినీ అలాగే అంటాడు కాబట్టి ఆ దొంగనీ అన్నాడు, అది నిజం. కానీ ప్రాణం పోయే ముందు మనిషికి ఏం కనిపిస్తుందో ఎవరికి తెలుసు? ఒకవేళ చూపు మసకబారి, ఎదురుగా ఉన్నది నేనే అనుకుని ఉంటే? ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నన్ను తమ్ముడూ అని ఉంటే? అలా అనుకుంటే నేరం నా మెడకు చుట్టుకుంటుంది. అనుకోకపోతే అన్నయ్య చివరి పిలుపు ఇంకొకడి సొత్తవుతుంది. మతి ఉన్న మనిషి ఏది కోరుకోవాలో నాకు తెలుసు. నేను రెండోది కోరుకోలేకపోయాను.

వదిన ప్రతి గురువారం వచ్చేది. ఆమె పెళ్లై మా ఇంటికి వచ్చేనాటికి నాకు పద్నాలుగేళ్లు. అప్పటినుంచీ నన్ను మరిదిలాగ కంటే తప్పిపోయి దొరికిన గొడుగులాగ జాగ్రత్తగా చూసుకునేది. ఊచల అవతల కూర్చుని మొదట నన్ను పైనుంచి కిందికి చూసేది.

“చిక్కావు. తింటున్నావా?”

“తింటున్నా వదినా.”

“అబద్ధం. తింటే ఆ మెడ అలా ఉండదు, కొంగ మెడలాగ. దుప్పటి ఇచ్చారా?”

“ఇచ్చారు.”

“పొట్టిదా?”

“పొట్టిదే.”

“నీకేం, మూడంకెవి. సరిపోతుందిలే.” అలా అని, తన మాటకు తనే ఉలిక్కిపడి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ పేరు పలికే హక్కు ఇన్నాళ్లూ ఒక్కరిదే.

“నీకు అనుమానం రాలేదా వదినా? అందరూ అంటున్నారు కదా.”

“దీపం వెలిగించేటప్పుడు చీమ కాలుతుందేమో అని చూసేవాడివి. నువ్వు మనిషిని చంపిస్తావా? చంపించాలంటే ముందు నలుగురితో మాట్లాడాలి. నువ్వు నలుగురితో మాట్లాడగా నేనెప్పుడు చూశాను?”

ఇంత గట్టి వాదన మా ప్లీడరుగారు కూడా చెయ్యలేదు. ప్లీడరుగారు మంచి మనిషి. కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని బల్లంతా వెతుకుతుంది. అది దొరికిన వెంటనే చురుకైపోతుంది. ఆవిడ పథకం సులువు: అన్నయ్య అందరినీ తమ్ముడూ అనేవాడని సాక్షుల చేత చెప్పించాలి. చివర్లో జడ్జిగారు నన్ను అడిగినప్పుడు, నన్నెప్పుడూ అలా పిలవలేదని నేను చెప్పాలి.

“ఒక్క మాట చాలు. లేదు అనండి. ఇంకేం కలపొద్దు,” అంది.

విచారణ మొదలైంది. బోనులో ముగ్గురం వరసగా నిలబడేవాళ్లం. మొదటి ముద్దాయి పిస్తోలు పేల్చినవాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి, పొడుగు మనిషి. కుడిచేతి బొటనవేలు ఎప్పుడూ చూపుడువేలిని రుద్దుతూ ఉండేది. రెండోవాడు గోడలు చూసేవాడు. మూడోవాణ్ణి నేను. గుమస్తా గుమ్మంలో నిలబడి “మూడో ముద్దాయీ!” అని కేకేస్తే, మొదటి అక్షరానికే నేను తలెత్తేవాణ్ణి. మిగతాది విన్నాక దించుకునేవాణ్ణి.

సాక్షులు వచ్చారు. పోస్ట్‌మాన్ కర్ర పట్టుకుని ఎక్కాడు.

“నాకు డెబ్బై రెండండీ. నన్ను తమ్ముడూ అన్నాడు. వయసు తగ్గించాడు కదా అని నేనూ దిద్దలేదు.”

దర్జీ నావైపు చూడకుండా చెప్పాడు. “నన్నూ అనేవాడు. కుక్కనీ అనేవాడు. ఇద్దరం మెట్ల మీదుంటే ఎవర్ని పిలిచాడో తెలిసేది కాదండీ. ఒక్కోసారి కుక్క లేచేది, ఒక్కోసారి నేను.”

తర్వాత వదిన.

“మిమ్మల్ని కూడా అన్నారా?” అని అడిగింది ప్లీడరుగారు, సరదాకి.

“పెళ్లయిన కొత్తలో రెండుసార్లు. పనిలో ఉంటే ఆయనకి పక్కన ఎవరున్నదీ తెలీదు. మూడోసారి అంటే పుట్టింటికి పోతానన్నా. మానేశాడు.”

ప్రభుత్వ ప్లీడరు లేచాడు. “మరిదిని కాపాడుకోవడానికి చెప్తున్నారు కదమ్మా?”

“కాపాడుకోనా మరి? ఒకణ్ణి పోగొట్టుకుని, ఉన్నవాణ్ణి మీకిచ్చేసి ఇంటికెళ్లమంటారా?”

జలుబుతో ఉన్న జడ్జిగారు రుమాలు వెనక నవ్వారో తుమ్మారో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం బోనులో పక్కనుంచి మెల్లగా ఒక గొంతు వినిపించింది. ఆర్నెల్లలో మొదటి ముద్దాయి నాతో మాట్లాడటం అదే మొదలు.

“నిజంగానే అందరినీ అలాగే అనేవాడా?”

నేను మొహం అటు తిప్పుకున్నాను. జాలితో కాదు, కోపంతో కూడా కాదు. ఇంకొకడికి ఆ ప్రశ్న ఉండడమే నాకు నచ్చలేదు.

చివరి సాక్షి నగలు చూపించే ఆవిడ. చెప్పులు, రెండు ముక్కలు, పేలుడు, అన్నీ మళ్లీ చెప్పింది. ప్రభుత్వ ప్లీడరు ఇంకోటి అడిగాడు.

“దొంగలు రాకముందు ఆయన ఏం చేస్తున్నాడు?”

“ఖాళీగా కూర్చున్నాడండీ, అరగంట. ఇంకా తెరవలేదేం అని అడిగా. ‘మూడంకె రావాలమ్మా, వచ్చాక తెరుస్తా’ అన్నాడు. డయల్ మీద అంకె ఏదో కుదరలేదనుకున్నా.”

“పని ఆపి అరగంట ఖాళీగా! ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు లేదూ?” అని ఆయన కూర్చున్నాడు. కోర్టంతటికీ అది డయల్ మీది అంకె. అది మనిషని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. వదిన వైపు చూశాను. ఆమె చేయి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

గురువారం రాగానే వదిన, కొంగ మెడ సంగతి కూడా ఎత్తకుండా, అసలు విషయానికి వచ్చింది.

“నిన్నేమని పిలిచేవాడని జడ్జి అడిగితే, ఒరేయ్ అనేవాడని చెప్పు. చాలు.”

“వదినా…”

“ఆ పేరు చెప్పావంటే, నీకోసమే కూర్చున్నాడని తేలుతుంది. ఎదురుచూసింది నీకోసం, పిలిచింది నిన్ను అంటారు. ఇంకేం కావాలి వాళ్లకి? నా మాట విను. నీ పేరు ఎక్కడికీ పోదు. నాకు తెలుసు, నీకు తెలుసు.”

“సరే,” అన్నాను. ఆమె నమ్మలేదు. లేచి వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

నేను నిజంగానే సరే అనుకున్నాను. నాకు చావంటే భయం, ఆ గది అంటే ఇంకా భయం. కానీ ఆ రాత్రులన్నీ ఆ అరగంట నాకు తోడుగా ఉంది. అన్నయ్య చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని, గుమ్మం వైపు చూస్తున్న అరగంట. నేను రెండో ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఏ లోటు తెలియాలని కోరుకున్నానో, ఆ లోటుతో ఆయన కూర్చున్న అరగంట. జీవితంలో నాకంటూ మిగిలిన ఆస్తి అది. కొట్లో ఉన్న నగలన్నీ పోయినా, దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు.

జడ్జిగారు నన్ను అడిగే రోజు వచ్చింది.

“మీ అన్న మిమ్మల్ని ఎప్పుడైనా తమ్ముడూ అని పిలిచేవాడా?”

ఒక్క మాట చాలు. ఆ మాట నా నాలుక మీద ఉంది. అది అంటే ఇంటికి వెళ్తాను. కానీ ఆ మాటంటే, ఆయన నోటి నుంచి ఆ పిలుపు నాకెప్పుడూ రాలేదని కోర్టు కాగితం మీద ముద్రపడి శాశ్వతంగా ఉంటుంది. ప్లీడరుగారు నెత్తిమీది కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుంది.

“లేదండీ,” అన్నాను. “ఒక్కసారి కూడా పిలవలేదు.”

“మరి ఏమని పిలిచేవాడు?”

వదిన నావైపు చూస్తూ, తల అడ్డంగా, కనిపించీ కనిపించనట్టు ఊపింది.

“మూడంకె.”

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. టైపు కొట్టే గుమస్తా ఆగి, “అంకె వెయ్యాలా అండీ, అక్షరాల్లోనా?” అని అడిగాడు. జడ్జిగారు కాగితాలు వెనక్కి తిప్పుతున్నారు. నగలు చూపించే ఆవిడ సాక్ష్యం దగ్గర వేలు ఆగింది. ప్రభుత్వ ప్లీడరు అప్పటికే లేచి నిలబడ్డాడు.

“అంటే మీ అన్న ఆ అరగంటా ఎదురుచూసింది మీకోసం!”

“అవునండీ. నాకోసమే.”

“మీరొస్తారని ఆయనకు తెలుసు!”

“వస్తాననుకున్నాడు.”

“మరెందుకు వెళ్లలేదు?”

ఇన్నాళ్లుగా ఎవరూ నన్ను సూటిగా ఈ ప్రశ్న అడగలేదు. ఎక్కడున్నావని అడిగారు, ఎవరితో ఉన్నావని అడిగారు.

“అలిగానండీ.”

“ఏమిటీ?”

“అన్నయ్య మీద అలిగాను.”

“నలభై దాటిన మనిషి!” ఆయన చేతులు రెండూ పైకెత్తి కోర్టు నలువైపులా చూపించాడు. “అలిగాడట!”

“అలుగుతాడండీ!” వదిన లేచి నిలబడింది. “చిన్నప్పట్నుంచీ అంతే! కంచం ముందునుంచి లేచిపోతాడు. ఆయన వెళ్లి తీసుకొచ్చేదాకా రాడు. ఈసారి ఆయన వెళ్లలేదు, వీడే రావాలని కూర్చున్నాడు!”

“అమ్మా, కూర్చోండి,” అన్నారు జడ్జిగారు. గట్టిగా అనలేదు.

అప్పుడు నా పక్కన కదలిక వినిపించింది. మొదటి ముద్దాయి రెండు చేతులతో బోను కడ్డీ పట్టుకున్నాడు.

“ఆయన అన్నది నన్నేనండీ.”

వాడి ప్లీడరు పరిగెత్తుకు వచ్చి చొక్కా పట్టుకుని లాగాడు. జడ్జిగారు చెయ్యెత్తారు. “నువ్వు చెప్పేది నీకే ముప్పు తెస్తుంది. తెలుసా?”

“తెలుసండీ. ఈ మనిషెవరో నాకు తెలీదు. పేరు కూడా ఇక్కడే విన్నా. తమ్ముడూ అని నన్నే అన్నాడు. చెయ్యి చాపాడు. ఇచ్చేద్దామనే అనుకున్నా. ఇవ్వబోతుంటే పేలింది.” నావైపు తిరిగాడు. “అందరినీ అంటాడని ఇక్కడ విన్నాను. అయినా అప్పుడు అన్నది మాత్రం నన్నే.”

ఆ మాట నన్ను ఉరి నుంచి తప్పిస్తోందని నాకు తెలుసు. అయినా నాలో ముందుగా లేచింది కృతజ్ఞత కాదు, అసూయ. అన్నయ్యను చంపినవాడి మీద, అన్నయ్య చివరిసారి దగ్గరికి తీసుకోబోయినవాడి మీద, చిన్నపిల్లాడి అసూయ. అది లేచినంత తొందరగా పోయింది.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. మొదటి ముద్దాయికి యావజ్జీవం. నిండిన పిస్తోలు పట్టుకుని గుమ్మం దాటినవాడు అది ఎప్పుడు పేలినా బాధ్యుడే అనీ, ఇచ్చేయాలనుకున్నానన్న మాట పోయిన ప్రాణాన్ని తేలేదనీ, అయితే తనకు ముప్పని తెలిసీ నిజం చెప్పాడు కాబట్టి ఉరి వెయ్యడం లేదనీ రాశారు. రెండోవాడికి పదేళ్లు. మూడో ముద్దాయి నిర్దోషి. గుమస్తా ఆఖరుసారి ఆ పేరుతో పిలిచి సంతకం పెట్టించుకున్నాడు.

ఇంటికొచ్చిన నెలకు నగల కొట్టు యజమాని మా మెట్లెక్కాడు. చాలాసేపు కుక్కనే చూశాడు. కేసు తేలేదాకా వెనక గదికి సీలు వేసి ఉంచారట. పెట్టె అలాగే ఉందట. “మిమ్మల్ని అడగడానికి మొహం చెల్లట్లేదు,” అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఆమె అప్పటికే సంచీ తీసి దుమ్ము దులుపుతోంది.

“నేను మోస్తాలే,” అన్నాను.

“నువ్వు తెరిచేవాడివి. తెరిచేవాడు సంచీ మొయ్యడు,” అంది.

ఆ గది అన్నయ్య వదిలి వచ్చినట్టే ఉంది. పొట్టి స్టూలు, దానిమీద చేతులు తుడుచుకున్న గుడ్డ. పెట్టె ముందు మోకాళ్లమీద కూర్చుని, వెలుతురు కోసం పక్కకు వంగాను. ఇనుము మీద సుద్దతో అన్నయ్య రాత. పదిహేడు. దాని కింద నలభై రెండు. దాని కింద ఒక చిన్న గీత, గీత మీద అంకె లేదు.

పోలీసులు దాన్ని ఫోటో తీసే ఉంటారు. అందులో ఏముందో వాళ్లకు తెలిసే అవకాశం లేదు. మా పనివాడికైతే అది చాలు. ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టి ఆగిపోయాను.

“ఏమిటి?” వదిన వంగి చూసింది.

“రెండు దొరికాయి వదినా.”

“అయితే?”

చెప్పబోయాను. చెప్పక్కర్లేకపోయింది. ఆమె కూడా ఇరవై ఏడేళ్లు తాళాలవాడి పెళ్లాం. రెండు దొరికాక మూడోది పావుగంట పని అని ఆమెకూ తెలుసు. కష్టమంతా ఆయన చేసి, తలుపు తీయడం నాకు వదిలాడు. యజమాని వచ్చాక, నలుగురూ చూస్తుండగా నేను తీయాలని. ఆ పావుగంట పని తనే చేసేసి ఉంటే, పదకొండున్నరకు ఏదో వీధి మలుపులో ఎవడో తమ్ముడితో కబుర్లాడుతూ ఉండేవాడు.

వదిన స్టూలు మీద కూర్చుంది. ఆ తుడుచుకున్న గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“పిచ్చి మనిషి,” అంది. ఆయన్నో నన్నో తెలియదు. “కానీ. తియ్యి.”

పదిహేడు. నలభై రెండు. తర్వాత ఒక్కో గీతా. నేను తొందరపడలేదు. వేలికొస కింద డయల్ చల్లగా ఉంది. లోపల చక్రాలు అన్నయ్య వదిలినచోటి నుంచే మాట్లాడుతున్నట్టు ఉన్నాయి. యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక నగలు చూపించే ఆవిడ. కొంతసేపటికి పిడి నా చేతిలో బరువుగా కదిలి కిందికి దిగింది.

“ఎంత?” అంది వదిన.

“అరవై నాలుగు.”

“మూడు కాదా?”

“కాదు వదినా.”

“చూశావా, ఇక్కడ కూడా నీకు కలిసి రాలేదు,” అంది. నవ్వబోయి, నవ్వు సగంలో తడబడి, సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. సుద్దముక్క తీసి నాకు అందించింది.

“రాయి మరి. ఖాళీగా ఉంచావంటే ఆయన ఊరుకోడు.”